బరువు నిజంగా తగ్గిందా, పోయింది నీళ్లేనా? రోజువారీ హెచ్చుతగ్గులను తేల్చుకునే పద్ధతి

నిన్న పొద్దున 72.4. ఇవాళ 73.5. రాత్రి తిన్నది కూడా తక్కువే. మరి ఈ కిలో ఎక్కడి నుంచి వచ్చింది?

డైట్ మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఏదో ఒక పొద్దున అడిగే ప్రశ్న ఇది. దీనికి తిరగేసిన ప్రశ్న ఇంకొకటుంది, దాన్ని మాత్రం ఎవరూ అడగరు: "రెండ్రోజుల్లో కిలోన్నర తగ్గాను, ఇది నిజమేనా?" తగ్గినప్పుడు అనుమానం రాదు కదా. కానీ రెంటికీ జవాబు ఒకటే. ఒకట్రెండు రోజుల్లో వచ్చే మార్పులో కొవ్వు పాత్ర దాదాపు సున్నా.

దాన్ని మీ అంకెలతో మీరే తేల్చుకోవడానికి ఏం సిద్ధం చేసుకోవాలి, ఏ వరుసలో చేయాలి, ఎప్పుడు నిర్ణయానికి రావాలి అన్నవి కింద ఉన్నాయి. ఒక వెయింగ్ మెషిన్, ఒక టేపు, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు. ఓపిక మాత్రం కనీసం ఐదు వారాలకు సరిపడా కావాలి.

## 1. మొదలుపెట్టే ముందు ఈ ఒక్క లెక్క చూడండి

శరీరంలోని ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. మీరు రోజూ ఖర్చయ్యేదానికంటే 500 కేలరీలు తక్కువ తింటున్నారనుకుందాం. అది బాగా క్రమశిక్షణతో చేస్తున్నట్టే లెక్క. అప్పుడు రోజుకు కరిగే కొవ్వు దాదాపు 65 గ్రాములు.

ఇంట్లో వాడే డిజిటల్ మెషిన్లు ఎక్కువగా 100 గ్రాముల మెట్లలో చూపిస్తాయి, కొన్ని 50 గ్రాముల్లో. అంటే మీరు ఎంత పద్ధతిగా ఉన్నా, ఒక రోజులో నిజంగా తగ్గిన కొవ్వు మెషిన్ మీద ఒక్క మెట్టు కదపడానికి కూడా సరిపోకపోవచ్చు. అదే అర లీటరు నీళ్లు తాగి మెషిన్ ఎక్కితే అంకె అప్పటికప్పుడు 500 గ్రాములు పెరుగుతుంది. కొవ్వు వారం రోజులు చేసిన పనిని ఒక నీళ్ల సీసా కప్పేసిందన్నమాట.

పెరుగుదలకూ ఇదే లెక్క. ఒక్క రాత్రిలో కిలో కొవ్వు పెరగాలంటే, మీ శరీరానికి ఆ రోజు కావలసిన తిండి తిన్న తర్వాత, దాని మీద ఇంకో 7,700 కేలరీలు తినాలి. అంత తిని ఉంటే మీకు గుర్తుండేది.

అందుకే మెషిన్‌ను "నిన్నటికీ ఇవాళ్టికీ ఏమైంది?" అని అడిగితే అది మీ ఒంట్లోని నీళ్ల గురించే చెబుతుంది. కొవ్వు సంగతి కావాలంటే మూడు నాలుగు వారాల ప్రశ్న వేయాలి.

## 2. అంకెను ఊపేవి ఏమిటి, ఎన్నాళ్లు ఊపుతాయి

పెద్దవాళ్లలో రోజుకు ఒకటి రెండు కిలోల హెచ్చుతగ్గు మామూలే. కారణం తెలిస్తే అది ఎప్పుడు దిగుతుందో కూడా తెలుస్తుంది. అందుకని ఈ భాగం కాస్త నెమ్మదిగా చదవండి.

ఉప్పు. ఒంట్లోకి ఉప్పు ఎక్కువగా వెళ్లినప్పుడు, రక్తంలో దాని గాఢత పెరగకుండా శరీరం నీటిని పట్టి ఉంచుతుంది. దాహం వేస్తుంది, తాగిన నీరు వెంటనే బయటికి పోదు. కణాల చుట్టూ ఉండే ద్రవంలో ఉప్పు గాఢత లీటరుకు 9 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్కన అదనంగా తిన్న నాలుగైదు గ్రాముల ఉప్పు, అంటే చెంచాడు కంటే తక్కువే, అర లీటరు నీటిని ఆపగలదు. మూత్రపిండాలు ఆ ఉప్పును బయటికి పంపడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఆ తర్వాత నీరు దానంతటదే దిగిపోతుంది.

పిండి పదార్థాలు. తిన్న పిండి పదార్థాల్లో కొంత భాగం గ్లైకోజెన్‌గా మారి కాలేయంలోనూ కండరాల్లోనూ నిల్వ ఉంటుంది. మొత్తం నిల్వ సుమారు 400 నుంచి 500 గ్రాములు. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు కూడా నిల్వ ఉంటుంది. పిండి పదార్థాలు బాగా తగ్గించిన మొదటి వారంలో రెండు మూడు కిలోలు చకచకా దిగడానికి ముఖ్య కారణం ఈ నిల్వ ఖాళీ కావడమే. మళ్లీ మామూలుగా తిన్న రెండ్రోజులకు అందులో చాలా భాగం తిరిగి వస్తుంది. అలా వచ్చింది కొవ్వు కాదు, మొదట పోయిందీ పూర్తిగా కొవ్వు కాదు.

కడుపులో ఉన్నది. తిన్నది జీర్ణమై, మిగిలింది మలంగా బయటికి వెళ్లడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఈలోగా అది మీ బరువులో భాగమే. పీచు ఎక్కువున్న తిండికి మారిన కొత్తలో కేలరీలు తగ్గినా బరువు పెరిగినట్టు కనిపించేది ఇందుకే. మలబద్ధకం ఉంటే అరకిలో, కిలో తేడా తేలిగ్గా వస్తుంది.

వ్యాయామం. దీని సంగతి తెలియక చాలామంది నిరుత్సాహపడి మానేస్తారు. కొత్తగా బరువులెత్తడం మొదలుపెట్టినా, చాలాకాలం తర్వాత గట్టిగా నడిచినా కండరాల్లో సూక్ష్మంగా దెబ్బలు తగులుతాయి. మరమ్మతు జరిగేటప్పుడు అక్కడ నీరు చేరుతుంది. ఒళ్లు నొప్పులు ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉంటాయి, ఆ నీరూ అప్పుడే ఉంటుంది. పైగా వ్యాయామానికి అలవాటుపడే కండరం గ్లైకోజెన్‌ను ఎక్కువ నిల్వ చేసుకోవడం నేర్చుకుంటుంది. అందువల్ల జిమ్‌లో చేరిన మొదటి రెండు మూడు వారాలు మెషిన్ మొండికేస్తే కంగారు పడక్కర్లేదు. క్రియాటిన్ (కండ కోసం జిమ్‌కి వెళ్లేవాళ్లు తీసుకునే పొడి) వాడేవాళ్లకు మొదటి వారంలోనే ఒకటి రెండు కిలోల నీటి బరువు చేరవచ్చు.

చెమట. ఇది ఎదురు దిశలో మోసం చేస్తుంది. ఎండలో గంటసేపు పరిగెడితే లీటరు చెమట పోవచ్చు, మెషిన్ కిలో తక్కువ చూపిస్తుంది. నీళ్లు తాగగానే అది తిరిగొస్తుంది. కరిగిన కొవ్వు చెమటగా కారిపోదు. అందులో అత్యధిక భాగం బొగ్గుపులుసు వాయువుగా మారి ఊపిరితో బయటికి వెళ్తుంది, మిగిలింది నీరవుతుంది. నడుముకు ప్లాస్టిక్ చుట్టుకుని పరిగెత్తేవాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే బాగుండు.

నెలసరి. నెలసరికి ముందు వారంలో చాలామందికి నీరు చేరుతుంది. అరకిలో నుంచి రెండు కిలోల వరకు పెరగవచ్చు. నెలసరి మొదలైన కొద్ది రోజులకు దిగుతుంది. కొందరికి అసలేమీ తేడా కనిపించదు. మీ శరీరం ఏ రకమో రెండు మూడు నెలలు రాసుకుంటేనే తెలుస్తుంది.

మందులు, మిగతావి. స్టెరాయిడ్లు, కొన్ని నొప్పి మాత్రలు, కొన్ని మధుమేహం మందులు నీరు చేర్చగలవు. గంటల తరబడి కూర్చుని చేసిన ప్రయాణం తర్వాత కాళ్లు బరువెక్కుతాయి. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చి తగ్గినా అంకె అటూఇటూ అవుతుంది. వీటిని ఒక్కొక్కటిగా లెక్కగట్టే పని పెట్టుకోకండి. పక్కన ఒక ముక్క రాసుకుంటే చాలు.

## 3. మెషిన్‌ను నమ్మవచ్చో లేదో చూడండి

ఒక్కసారి పది నిమిషాలు కేటాయించి చేసే పని ఇది.

1. మెషిన్‌ను గట్టి, చదునైన నేల మీద పెట్టండి. తివాచీ మీద, వంపున్న బాత్రూమ్ గచ్చు మీద పెడితే తప్పు చూపిస్తుంది. నాలుగు కాళ్లూ నేలకు ఆనాలి.
2. చోటు ఖరారు చేసి అక్కడే ఉంచండి. జరిపితే, ఒకసారి కాలితో నొక్కి వదిలి, సున్నా వచ్చాక అప్పుడు ఎక్కండి. జరిపిన వెంటనే వచ్చే మొదటి రీడింగ్ చాలా మెషిన్లలో నమ్మదగినది కాదు.
3. వరసగా మూడుసార్లు ఎక్కి దిగండి. మూడు రీడింగులూ 100, 200 గ్రాముల లోపు తేడాతో ఉండాలి.
4. ఇప్పుడు నీళ్లు నిండిన లీటరు సీసా చేత్తో పట్టుకుని ఎక్కండి. అంకె దాదాపు కిలో పెరగాలి.

నాలుగోది తప్పకుండా చేయండి. కొన్ని డిజిటల్ మెషిన్లకు జ్ఞాపకశక్తి ఎక్కువ. కొద్దిసేపట్లో మళ్లీ ఎక్కితే, తేడా చిన్నదైతే, కొత్తగా తూచకుండా పాత అంకెనే చూపిస్తాయి. మూడుసార్లూ గ్రాము తేడా లేకుండా ఒకటే వచ్చిందంటే మెషిన్ గొప్పదని మురిసిపోవద్దు, సీసాతో పరీక్షించండి. మీ మెషిన్ ఇలాంటిదే అయితే, ముందు సీసాతో ఎక్కి దిగి, తర్వాత సీసా లేకుండా ఎక్కితే అది కొత్తగా తూస్తుంది.

మెషిన్ ఎప్పుడూ అరకిలో ఎక్కువ చూపిస్తుంటే పరవాలేదు. రోజూ అదే అరకిలో ఎక్కువ చూపించినంతకాలం తేడాల లెక్క చెడదు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ చూపించేదే పనికిరాదు. బ్యాటరీ మార్చి చూడండి, అప్పటికీ మారకపోతే మెషిన్ మార్చండి. ఇంట్లో మెషిన్ రీడింగ్‌నూ జిమ్‌లో మెషిన్ రీడింగ్‌నూ ఒకే పట్టికలో కలపవద్దు.

## 4. రోజూ ఒకే తీరుగా తూచండి

వారానికి ఒక్కసారే చూసుకోమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. వారానికి ఒక్క రీడింగే ఉంటే, అది ఉప్పు ఎక్కువైన మర్నాడు పడిందో, నీరు దిగిన రోజు పడిందో చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. రోజూ తూచడం వల్ల అంకెల మీద మోజు తగ్గుతుంది కూడా. రెండు వారాలయ్యేసరికి 700 గ్రాములు పెరిగినా "ఆఁ, ఇది మామూలే" అనిపిస్తుంది. (కొందరికి రోజూ తూచడం మంచిది కాదు, ఆ విషయం తొమ్మిదో భాగంలో.)

క్రమం ఇది:

- నిద్ర లేవగానే
- మూత్ర విసర్జన అయ్యాక. వీలైతే మల విసర్జన కూడా అయ్యాక
- ఏమీ తినకముందు, మంచినీళ్లు కూడా తాగకముందు
- బట్టలు లేకుండా, లేదా రోజూ ఒకే రకం పలుచటి బట్టలతో
- రెండు కాళ్ల మీద సమానంగా, కదలకుండా, గోడ పట్టుకోకుండా
- ఒక్కసారే తూచి, వచ్చిన అంకె రాసుకుని దిగిపోవాలి

నచ్చిన అంకె వచ్చేదాకా ఎక్కి దిగడం వద్దు. సాయంత్రం మళ్లీ చూడటమూ వద్దు. పొద్దుటికీ సాయంత్రానికీ ఒకటి రెండు కిలోల తేడా అందరికీ ఉంటుంది, అది మీకు చెప్పేదేమీ లేదు. రాత్రి పడుకునేటప్పటి కంటే పొద్దున తక్కువ ఉండటం కూడా అంతే. ఊపిరి ద్వారా, చర్మం ద్వారా నీరు పోతూనే ఉంటుంది.

ఒకరోజు మర్చిపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. ఊహించి నింపవద్దు. వారంలో కనీసం నాలుగు రీడింగులు ఉంటే సగటు పనికొస్తుంది.

## 5. రాసుకునేటప్పుడు

తేదీ, బరువు, ఒక చిన్న మాట. అంతే. "ఉప్పు", "ప్రయాణం", "కాళ్ల వ్యాయామం", "మలబద్ధకం", "నిద్ర లేదు", "నెలసరి 1వ రోజు" లాంటివి. నెల తర్వాత వెనక్కి తిరగేస్తే, మీ బరువు దేనికి ఎగురుతుందో ఆ మాటలే చెబుతాయి.

ఫోన్ యాప్‌లో రాసినా, స్ప్రెడ్‌షీట్‌లో రాసినా, గోడ క్యాలెండర్ మీద రాసినా ఒకటే. యాప్ అయితే ముందురోజుతో పోల్చి ఎర్ర బాణం, పచ్చ బాణం చూపించే సదుపాయాన్ని ఆపేయండి. ఆ బాణాలు మిమ్మల్ని మళ్లీ ఒక్కరోజు ప్రశ్న దగ్గరికే లాక్కెళ్తాయి.

## 6. వారం సగటు తీయండి

అసలు పని ఇక్కడుంది. ఏడు రోజుల అంకెలు కూడి ఏడుతో భాగించండి. డైట్ మొదలుపెట్టి రెండు వారాలు దాటాక, వరసగా మూడు వారాలు రాసుకున్న ఉదాహరణ ఒకటి తీసుకుందాం. అంకెలు నేను కల్పించినవే గానీ, నిజమైన నోట్‌బుక్‌లు ఇలాగే ఉంటాయి.

- మొదటి వారం: 78.4, 78.1, 78.6, 79.3, 78.9, 78.3, 78.2. సగటు 78.54
- రెండో వారం: 78.0, 78.5, 78.3, 77.9, 77.8, 78.7, 78.4. సగటు 78.23
- మూడో వారం: 78.1, 77.6, 77.5, 77.9, 77.7, 77.3, 78.4. సగటు 77.79

మొదటి రోజు 78.4. రెండో వారం ఆఖరి రోజు 78.4. మూడో వారం ఆఖరి రోజు కూడా 78.4. ఈ మూడు రోజులు మాత్రమే తూచుకున్న మనిషి "మూడు వారాలు నోరు కట్టుకున్నా గ్రాము తగ్గలేదు" అని డైట్ వదిలేస్తాడు. సగటు మాత్రం మొదటి వారం నుంచి మూడో వారానికి 0.75 కిలో దిగింది. రెండు సగటుల మధ్య దూరం 14 రోజులు. 750 గ్రాములను 7.7తో (గ్రాము కొవ్వుకు ఉండే కేలరీలు) గుణించి 14తో భాగిస్తే, రోజుకు సుమారు 410 కేలరీల లోటు నడుస్తోందని తేలుతుంది. డైట్ చక్కగా పనిచేస్తోంది. వదిలేయాల్సిన పనే లేదు.

ఇంకో చిట్కా కూడా ఇందులోనే ఉంది. ఒక్కో వారంలో అతి తక్కువ అంకె చూడండి: 78.1, 77.8, 77.3. నీరు పైకి లేపగలదు గానీ, ఒంట్లో నీరు మరీ తగ్గిపోతే తప్ప, కొవ్వు తగ్గకుండా అడుగు అంకెలు వారం వారం కిందికి జరగవు. సగటు తీసే ఓపిక లేనివాళ్లు కనీసం ఇదైనా చూసుకోవచ్చు.

స్ప్రెడ్‌షీట్ అలవాటున్నవాళ్లకు మరో పద్ధతి: నిన్నటి ధోరణి అంకెకు (మొదటి రోజున అది ఆ రోజు బరువే), ఇవాళ్టి బరువుకూ దానికీ ఉన్న తేడాలో పదోవంతు కలపండి. ధోరణి 78.4 ఉండగా ఇవాళ 79.3 వస్తే, తేడా 0.9, అందులో పదోవంతు 0.09, కొత్త ధోరణి 78.49. కిలో పెరిగినట్టు కనిపించిన రోజున గీత 90 గ్రాములే కదులుతుంది. గ్రాఫ్ గీస్తే కళ్లకు కడుతుంది. ఇది అసలు మార్పును కొంచెం ఆలస్యంగా చూపిస్తుంది, అది గుర్తుంచుకోండి.

## 7. తీర్పు ఎప్పుడు, ఎలా?

మొదటి రెండు వారాల అంకెలను తీర్పుకు వాడవద్దు. అప్పుడు గ్లైకోజెన్, ఉప్పు, కడుపులోని సరుకు అన్నీ ఒకేసారి సర్దుకుంటుంటాయి. మొదటి వారం మూడు కిలోలు దిగిందని సంబరపడితే, రెండో వారం 300 గ్రాములే దిగినప్పుడు డైట్ ఆగిపోయినట్టు అనిపిస్తుంది. ఆగలేదు, ఇప్పుడే అసలు వేగం కనబడుతోంది.

మూడో వారం నుంచి వచ్చే సగటులను ఇలా చూడండి. ఈ వారం సగటును పక్క వారంతో కాకుండా రెండు మూడు వారాల కిందటి సగటుతో పోల్చండి.

సగటు స్థిరంగా దిగుతోంది, వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం వరకు. నిజమైన తగ్గుదల. ఏమీ మార్చకండి. 80 కిలోల మనిషికి ఇది వారానికి 400 నుంచి 800 గ్రాములు.

దిగుతోంది గానీ చాలా కొద్దిగా, రెండు వారాలకు 200 గ్రాముల లోపు. ఇప్పుడే తేల్చలేం. ఇంకో వారం ఆగండి. నెలసరి ఉన్నవాళ్లు పోయిన నెల ఇదే దశలో ఉన్న వారంతో పోల్చాలి. నెలసరికి ముందు వారాన్ని, అయిపోయిన తర్వాతి వారంతో పోలిస్తే లెక్క ఎప్పుడూ తప్పుతుంది.

మూడు నాలుగు వారాలుగా సగటు కదల్లేదు, నడుము కొలతా కదల్లేదు. ఇంతకాలం తగ్గుదలను దాచి ఉంచడం నీటి వల్ల కాదు. లోటు లేదన్నమాట. తిండి కొలత ఒకసారి సరిచూసుకోండి. నూనె, పానీయాలు, వంట చేస్తూ నోట్లో వేసుకునేవి ఇక్కడే బయటపడతాయి. ఇంకో సంగతి, బరువు తగ్గినకొద్దీ శరీరం ఖర్చు పెట్టేదీ తగ్గుతుంది. పది కిలోల కిందట లోటుగా ఉన్న తిండి ఇప్పుడు సరిగ్గా సరిపోతూ ఉండవచ్చు.

సగటు కదల్లేదు, నడుము మాత్రం తగ్గింది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవాళ్లలో కనిపిస్తుంది. కొవ్వు దిగుతోంది, కండరంలో నీరూ కొంత కండా చేరుతున్నాయి. ఇలాగే కొనసాగించండి.

మొదటి రెండు వారాలు దాటాక కూడా వారానికి ఒక శాతం కంటే ఎక్కువ దిగుతోంది. ఇది నిజమైన తగ్గుదలే, కానీ అందులో కండ కూడా పోతూ ఉండవచ్చు. తిండి మరీ తగ్గించారేమో చూడండి. మాంసకృత్తులు సరిపడా తినడం, బరువులతో వ్యాయామం చేయడం కండను కాపాడతాయి.

## 8. రెండో సాక్ష్యం: టేపు

రెండు వారాలకోసారి నడుము కొలవండి. కొలిచే చోటు ముఖ్యం. పక్కన చేత్తో తడిమితే ఆఖరి పక్కటెముక తగులుతుంది. దాని కింద తుంటి ఎముక పై అంచు తగులుతుంది. ఆ రెంటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టండి. ఊపిరి మామూలుగా వదిలిన చివర్లో చూడండి. పొట్ట లోపలికి పీల్చకూడదు, టేపు చర్మాన్ని నొక్కకూడదు, వెనక వైపు కిందికి జారకూడదు. రెండుసార్లు కొలిచి సగటు రాసుకోండి. అదీ పొద్దున్నే, ఖాళీ కడుపుతో.

ఒక సెంటీమీటరు లోపు తేడాను పట్టించుకోకండి, అది చేతి పొరపాటు కావచ్చు.

కొవ్వు శాతం చూపించే మెషిన్ల విషయంలో నా సలహా ఒక్కటే: రోజూ ఆ అంకె చూడకండి. అవి పాదాల గుండా చిన్న విద్యుత్తు పంపి, ఒంట్లో అది ఎంత అడ్డుకోబడిందో చూసి, అక్కడి నుంచి నీటినీ కొవ్వునూ అంచనా వేస్తాయి. ఒంట్లో నీరు మారితే అంచనా మారుతుంది. అంటే మనం తప్పించుకోవాలనుకున్న నీటి చిక్కులోనే అది కూర్చుని ఉంది.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

పెరిగిన మర్నాడు పస్తుండటం. కిలో పెరిగిందని ఒక పూట మానేస్తే మర్నాడు కిలో తగ్గినట్టు కనిపిస్తుంది. ఎలాగూ దిగిపోయే నీరు దిగింది, పస్తు దాని పేరు కొట్టేసింది. పైగా సాయంత్రానికి ఆకలి రెట్టింపవుతుంది. పెరిగిన మర్నాడు మామూలు రోజులాగే తినండి.

నీళ్లు తాగడం తగ్గించడం. అంకె తగ్గుతుంది, లోపల ఏమీ మారదు. మలబద్ధకం అదనం.

తగ్గిన రోజున బహుమతిగా తినడం. ఆ తగ్గుదల దాదాపు అంతా నీళ్లే కాబట్టి, బహుమతి మాత్రం పూర్తిగా కేలరీలే కాబట్టి, లెక్క మీకే నష్టం.

అతి తక్కువ అంకెను "నా బరువు" అనుకోవడం. విరేచనాలైన మర్నాడు వచ్చిన 77.3ను పట్టుకుని, ఆపైన వచ్చిన ప్రతి అంకెనూ పెరుగుదలగా చూస్తే మనశ్శాంతి ఉండదు. మీ బరువు ఈ వారం సగటు. ఎవరైనా అడిగినా అదే చెప్పండి.

వారానికో మార్పు. సోమవారం డైట్ మార్చి, గురువారం వ్యాయామం మార్చి, ఆదివారం ఉప్పు మానేస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. ఒక మార్పు చేస్తే కనీసం మూడు వారాలు అలాగే ఉంచండి.

మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు, విరేచనాల మాత్రలు వాడటం. అవి నీటిని, లవణాలను బయటికి తోస్తాయి, కొవ్వును కాదు. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఈ పని ఎప్పుడూ చేయకండి.

రోజూ అంకె చూసి ఆ రోజంతా దిగులుపడేవాళ్లు, గతంలో తిండికి సంబంధించిన మానసిక సమస్యలు ఉన్నవాళ్లు ఈ పద్ధతి జోలికి వెళ్లవద్దు. నడుము కొలత, బట్టల బిగుతు చాలు. లేదా ఇంట్లో ఇంకొకరిని చూసి రాయమని, నెలాఖరున సగటు మాత్రమే చెప్పమని అడగండి.

## 10. ఇది నీళ్లే కదా అని వదిలేయకూడని సందర్భాలు

ఇప్పటిదాకా చెప్పినదంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు. కింది వాటిలో ఏది ఉన్నా సగటుల కోసం ఆగకుండా డాక్టర్‌ను కలవండి.

- గుండె, మూత్రపిండాలు లేదా కాలేయం జబ్బు ఉండి, ఒక్క రోజులో కిలో–కిలోన్నర, లేదా వారంలో రెండు కిలోలకు మించి పెరిగితే. ఈ జబ్బులున్నవాళ్లకు డాక్టర్ వేరే హద్దు చెప్పి ఉంటే అదే పాటించాలి.
- బరువుతో పాటు కాళ్ల వాపు, వేలితో నొక్కితే గుంట పడటం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం ఉంటే. ఊపిరి ఆడని పరిస్థితి వస్తే వెంటనే ఆసుపత్రికి.
- గర్భిణులకు హఠాత్తుగా బరువు పెరిగి, ముఖం లేదా చేతులు వాచి, తలనొప్పి గానీ చూపు మసకబారడం గానీ ఉంటే అదే రోజు చూపించుకోవాలి.
- ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపు శరీర బరువులో 5 శాతం, అంటే 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలు తగ్గితే. దాహం, అతిమూత్రం, గుండెదడ, విడవని దగ్గు తోడైతే ఇంకా త్వరగా.
- కొత్త మందు మొదలుపెట్టాక బరువు ఎక్కుతూనే ఉంటే. మందు మీరే ఆపేయకండి, రాసిచ్చిన డాక్టర్‌కు నోట్‌బుక్ చూపించండి.